గడ్డపార పట్టని మరమ్మతు

కాణిపాకం కథ త్రవ్వకంతో మొదలవుతుంది. విహారపురి అని వెనుకట పిలిచిన ఆ ఊరిలో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. ఒకడు మూగ, ఒకడు చెవిటి, ఒకడు గ్రుడ్డి. ఏతం వేసుకొని చిన్న చెక్క సేద్యం చేసుకొనేవారు. బావి ఎండిపోగా లోనికి దిగి లోతు చేయబోయినారు. గడ్డపార ఒక రాతికి తగిలినది. ఆ రాతినుండి నెత్తురు పొంగినదనీ, ముగ్గురి వైకల్యమూ ఆ క్షణంలోనే తొలగినదనీ స్థలపురాణం. ఊరివారు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి మేర పొలంలో పారినదట. కాణి అన్నది భూమి కొలత. పారకం అన్నది పారుదల. కాణిపారకమే కాణిపాకమైనదని పెద్దలు చెబుతారు. పదకొండవ శతాబ్దిలో కులోత్తుంగ చోళుడు అక్కడ గుడి కట్టించినాడని ప్రతీతి. వరసిద్ధి వినాయకుడు నేటికీ ఆ బావినీటి నడుమనే కొలువై ఉన్నాడు.

ఊరి పేరులోనే పారుదల ఉన్నది కనుక ఒక మాట గుర్తుకు వస్తుంది. నీరు వచ్చే దారిని గూర్చి మన పూర్వులు ఎంతో వ్రాసినారు. చెరువు త్రవ్వించినవానికి శాసనం, బావి త్రవ్వించినవానికి పద్యం, చలివేంద్రం పెట్టినవానికి పుణ్యం. నీరు పోయే దారిని గూర్చి మాత్రం కవులు నోరు మెదపలేదు. అయినను భాష మరచిపోలేదు. జలదారి, తూము, మోరీ అనే మాటలు ఇంటింటా ఉన్నవి. స్నానాలగది మూల నున్న రంధ్రానికి జలదారి అనే గంభీరమైన పేరు పెట్టిన జాతి, ఆ నీటిని తక్కువగా చూడలేదని చెప్పవచ్చును.

వెనుకటి ఇంటిలో ఆ నీరు గోడ దాటి పెరటి అరటిచెట్టు పాదులోనికి పోయేది. దారి కంటికి కనబడేది. పూడుకొంటే ఒక పుల్లతో కెలికేవారు. మరుగుదొడ్డి ఇంటిలోనికి వచ్చిన తరువాత ఆ దారి భూమిలోనికి పోయినది. వంటయింటి క్రింద, పడకటింటి క్రింద, వీధి అరుగు క్రింద గొట్టాలు పరచి, పైన సిమెంటు పోసి, ఆపైన నున్నని రాతిపలకలు పరచి, దానిని మరచిపోవడం పరిపాటి అయినది. మొహెంజొదారోలో నాలుగున్నర వేల ఏండ్ల క్రిందట ఇటుకలతో మురుగుకాలువలు కట్టినవారు, వాటిపై మూతలను శుభ్రం చేయడానికి ఎత్తివేయగలిగేటట్లు అమర్చినారు. ఆ పాటి ముందుచూపు నేటి ఇండ్లలో అరుదు.

భూమిలో పడుకొన్న గొట్టం ముసలిదవుతుంది. నలభై యాభై ఏండ్ల నాటి ఇండ్లలో ఉన్నవి ఎక్కువగా మెరుగుపూత పెట్టి కాల్చిన మట్టిగొట్టాలు, లేదా పోత ఇనుపగొట్టాలు, కొన్నిచోట్ల సిమెంటు గొట్టాలు. మట్టిగొట్టం స్వయంగా గట్టిదే. గోలకొండ కోటగోడలలో నీటికోసం పొదిగిన మట్టిగొట్టాలు నేటికీ కనబడుతూనే ఉన్నవి. చెడేది గొట్టం కాదు, కీలు. రెండేసి అడుగుల ముక్కలను సిమెంటు గచ్చుతో అతికినచోట నేల ఏ కొంచెం కదలినా వెంట్రుకవాసి పగులు పడుతుంది. దానిగుండా చెమ్మ బయటికి పోతుంది. చెమ్మ ఉన్నచోటు చెట్టుకు తెలియకుండా పోదు. రావి, మర్రి, వేప వేళ్ళు మొదట దారమంత సన్నగా కీలులో దూరుతవి. లోపల ఎరువూ నీరూ సమృద్ధిగా దొరకడంతో జడలుకట్టి పెరుగుతవి. వంటయింటి నూనె ఆ జడలకు పట్టుకొంటుంది. ఒకనాటి ఉదయం నీరు పోవడం మానివేస్తుంది.

ఇనుపగొట్టాన్ని లోపలినుండి త్రుప్పు తింటుంది. సిమెంటు గొట్టం కథ మరీ విచిత్రం. మురుగులో గాలి ఆడనిచోట బ్రతికే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పుట్టిస్తవి. అది పైకి లేచి గొట్టపు పైకప్పు తడిలో చేరుతుంది. అక్కడ వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని గంధకికామ్లంగా మార్చుతవి. కనుక మురుగు పారే అడుగు భాగం చెక్కుచెదరకుండగా, మురుగు తాకని పైభాగం పెళ్ళలుగా ఊడిపడుతుంది. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకడం కష్టం. ఈ వాయువును గూర్చి మరల చెప్పుకోవలసి ఉన్నది.

చెడిన గొట్టానికి తెలిసిన మందు ఒక్కటే: త్రవ్వడం. మేస్త్రీ వస్తాడు, వాసన పట్టి ఇక్కడ అంటాడు, త్రవ్వుతాడు, కాదు అక్కడ అంటాడు. చిత్తూరు సీమలో పైమన్ను పలుచన. కొంచెం దిగగానే మొరం, దాని క్రింద రాయి. గడ్డపార ఎగిరిపడుతుంది. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉన్న సందులో ఒకరి గొట్టం కోసం త్రవ్వితే ఇంకొకరి పునాది బయటపడుతుంది. పైగా ఇప్పుడు వీధులకు కూడా సిమెంటు దారులు వేసినారు. కాణిపాకంలో వినాయకచవితి మొదలుకొని 21 రోజులపాటు బ్రహ్మోత్సవాలు జరుగుతవి. అటువంటి క్షేత్రాలలో ఉత్సవకాలంలో మాడవీధిని త్రవ్వుతామని నోట అనడానికైనా ఎవరికీ ధైర్యం చాలదు.

త్రవ్వకుండా బాగుచేయలేమా అన్న ప్రశ్నకు మొదటి సమాధానం లండనులో దొరికినది. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధానికి పార్లమెంటు సభ్యులే కూర్చోలేకపోయిన తరువాత, జోసెఫ్ బాజల్‌గెట్ అనే ఇంజనీరు ఆ నగరానికి ఇటుకలతో మహా మురుగుకాలువలు కట్టించినాడు. నూరేండ్లకు అక్కడి కాలువలు ముసలివైనవి. వాటిపై నగరం క్రిక్కిరిసి ఉన్నది. 1971లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు హాక్నీ ప్రాంతంలో గ్రుడ్డు ఆకారపు పాత ఇటుకకాలువ ఒకదానిలో, సుమారు 70 మీటర్ల మేర, జిగురులో నానబెట్టిన గుడ్డగొట్టాన్ని ప్రవేశపెట్టి లోపలనే గట్టిపరచినాడు. ఇరువది ఏండ్ల తరువాత అందులోని ముక్కను కోసి పరీక్షిస్తే దాని బలం చెడలేదని తేలినది. ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరు ఇన్‌సిటుఫార్మ్. 'ఇన్ సిటు' అనే లాటిను మాటకు అర్థం ఉన్నచోటనే అని. పాత గొట్టం ఉన్నచోటనే, దాని పొట్టలోనే, క్రొత్త గొట్టం రూపొందుతుంది. 1977లో అమెరికా పేటెంటు వచ్చినది. 1994లో దాని గడువు తీరడంతో ఆ విద్య అందరిదీ అయినది. పెద్ద కాలువలకు పుట్టిన పద్ధతి ఇంటి నాలుగంగుళాల గొట్టానికి కూడా దిగివచ్చినది.

పని జరిగే తీరు ఇది. మొదట సన్నని తీగ చివర దీపమూ కెమెరా అమర్చి గొట్టంలోనికి పంపుతారు. ఎక్కడ పగులు, ఎక్కడ వేరు, ఎక్కడ కుంగినదీ బయట తెరమీద కనబడుతుంది. వాసన పట్టి త్రవ్వే మేస్త్రీకీ దీనికీ ఉన్న తేడా నాడి చూసే వైద్యునికీ ఎక్స్‌రేకీ ఉన్న తేడా వంటిది. నిజానికి ఈ పద్ధతి మొత్తంలో మన ఊళ్ళకు తక్షణం అక్కరకు వచ్చేది ఈ మొదటి మెట్టే. తరువాత అధిక పీడనంతో నీటిధారను కొట్టి క్రొవ్వునూ మన్నునూ కడుగుతారు. తిరిగే కత్తులతో వేళ్ళను నరుకుతారు. ఈ శుభ్రత సరిగా జరుగకపోతే తరువాత చేసినదంతా వృథా.

అటుపిమ్మట కంబళివంటి మెత్తని గుడ్డగొట్టాన్ని గొట్టపు కొలతకు కోసి, దానిని ఎపాక్సీ జిగురుతో తడిపి ముద్దచేస్తారు. దాని ఒక చివరను గొట్టపు నోటికి బిగించి, గాలిపీడనంతోగాని నీటిబరువుతోగాని లోనికి నెట్టుతారు. దిండు గలీబును తిరగవేసేటప్పుడు లోపలి భాగం వెలికి వచ్చినట్లే, ఈ గుడ్డగొట్టం తిరగబడుతూ ముందుకు సాగుతుంది. జిగురు పట్టిన ముఖం పాతగోడకు హత్తుకొంటుంది. లోపల గాలి నింపి ఉంచి, వేడినీటితోనో, ఆవిరితోనో, అతినీలలోహిత దీపాలతోనో, కొన్ని జిగురులకైతే ఊరక వేచి ఉండడంచేతనో, గట్టిపరుస్తారు. కొన్ని గంటలలో అతుకు లేని క్రొత్త గొట్టం తయారవుతుంది. పక్కనుండి వచ్చి కలిసే చిన్నగొట్టాల నోళ్ళు ఈ పొరతో మూసుకుపోతవి కనుక, కెమెరాతో చూస్తూ చిన్న కోతయంత్రాన్ని పంపి వాటిని మరల తెరుస్తారు. ఇంటిగొట్టంలో పొర మందం కొద్ది మిల్లీమీటర్లే. లోపలి వ్యాసం ఆ మేరకు తగ్గినా, గరుకు పోయి నునుపు వస్తుంది కనుక పారుదలకు లోటుండదు. 50 ఏండ్ల మన్నికను దృష్టిలో పెట్టుకొని లెక్కకట్టి చేసే పని ఇది.

ఎపాక్సీ అనగానే అదేదో అందరాని వస్తువు అనుకోనక్కరలేదు. రెండు చిన్న గొట్టాలలోనివి పిండి కలిపి, విరిగిన పింగాణీని అతికే అరల్డైట్ అదే. దాని పుట్టుక వింత. స్విట్జర్లాండులో పియరీ కాస్టన్ అనే రసాయనవేత్త 1930లలో కట్టుడు పళ్ళకు తగిన పదార్థం కోసం వెదుకుతూ దీనిని కనుగొన్నాడు. ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ వేరుగా ఇదే దారిన నడిచినాడు. స్విట్జర్లాండుకే చెందిన సిబా సంస్థ 1946లో దీనిని అరల్డైట్ పేరిట లోకానికి చూపినది. పళ్ళచిగుళ్ళకోసం పుట్టినది లోకపు పేగులకు పూత అయినదన్నమాట.

దీని స్వభావం చిత్తూరు సీమవారికి చెప్పడం సులభం. చెరకు పండించి బెల్లం వండే నేల అది. బెల్లపుపెనం దగ్గర నిలబడినవారికి పాకం సంగతి తెలుసు: ఒక క్షణం ముందు దించితే గట్టిపడదు, ఒక క్షణం ఆలస్యమైతే అచ్చులో పోయరాదు. ఎపాక్సీలో జిగురునూ గట్టిపరిచే ద్రవాన్నీ కలిపిన క్షణం నుండి అదే లెక్క. కలయికవలన వేడి పుడుతుంది. వేడివలన గట్టిపడడం మరింత త్వరితమవుతుంది. ఎండకాలం మధ్యాహ్నం కలిపితే వ్యవధి మరీ తక్కువ. ఆ లోపల గుడ్డ తడవాలి, గొట్టంలో దూరాలి, గోడకు హత్తుకోవాలి. సగం దూరంలో పాకం ముదిరితే గొట్టం శాశ్వతంగా మూసుకుపోయినట్లే. అప్పుడు గడ్డపార తప్పదు. ఐతే పోలిక ఇంతవరకే. బెల్లాన్ని మరల కరిగించవచ్చును. గట్టిపడిన ఎపాక్సీని కరిగించరాదు. అది కాల్చిన కుండవంటిది, తిరిగి మట్టిముద్ద కాదు. అణువులు ఒకదానితో ఒకటి అడ్డదిడ్డంగా ముడివేసుకొని వలవలె అల్లుకొనడమే దానికి కారణం.

ఇంత చెప్పిన తరువాత ఈ పద్ధతి చేయలేనివి కూడా చెప్పాలి. అమ్మకందారులు వీటిని గూర్చి మాట్లాడరు. క్రొత్త పొర పాతగొట్టపు ఆకారాన్నే తీసుకొంటుంది. నేల కుంగి గొట్టం మధ్యలో బొజ్జవలె దిగినచోట పొర కూడా అలాగే దిగుతుంది. అక్కడ నీరు నిలుస్తూనే ఉంటుంది. నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాల గొట్టానికి 60 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలన్నది ఇంజనీర్ల పాతలెక్క. మొదటినుండీ వాలు తప్పి వేసిన గొట్టానికి ఎంత ఖరీదైన పూత పూసినా వాలు రాదు. పూర్తిగా కూలి పూడిన గొట్టంలో గుడ్డ దూరే దారే ఉండదు. ఇక ఖర్చు సంగతి. పెరటిలో వట్టినేల క్రింద రెండడుగుల లోతున ఉన్న గొట్టమైతే, ఇద్దరు కూలీలను పెట్టి ఒక పూటలో త్రవ్వించి పీవీసీ గొట్టం వేసుకోవడమే తెలివైన పని. అక్కడ ఎపాక్సీ మాట ఎత్తడం ఈగను కొట్టడానికి ఫిరంగి తెచ్చినట్లు. ఇంటి నడుమ, గోడల క్రింద, రద్దీ వీధి క్రింద, లోతున ఉన్న గొట్టాలకే ఈ విద్య. మన దేశంలోనూ ఇది ఎక్కువగా నగరాల పెద్ద కాలువలకే వాడుకకు వచ్చినది. ఢిల్లీలో ఈ శతాబ్ది మొదటి దశాబ్దాలలో ప్రధాన మురుగుకాలువలను ఇట్లే బాగుచేసినారు. 1908 మూసీ వరదల తరువాత విశ్వేశ్వరయ్యను రప్పించి భూగర్భ మురుగుపారుదలకు పునాది వేయించుకొన్న హైదరాబాదు వంటి నగరంలో, ఆనాటి గొట్టాల వయస్సు లెక్కించుకొంటే ఈ విద్యకు రాబోయే పని ఎంతో ఊహించవచ్చును.

పచ్చి ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు. పదేపదే తాకినవారికి దద్దురులు వస్తవి. పెద్ద కాలువలకు వాడే పాలియెస్టరు జిగురులో స్టైరీను అనే ఘాటైన ద్రవం ఉంటుంది. ఆవిరితో గట్టిపరిచేటప్పుడు లేచే తెల్లని పొగ వట్టి నీటియావిరి కాదనీ, అందులో ఇటువంటి రసాయనాలు ఉంటవనీ 2017లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపినారు. కనుక చేతితొడుగులూ గాలి ఆడే ఏర్పాటూ లేనిదే ఈ పని చేయించరాదు.

మురుగుగొట్టం మరమ్మతులో అసలు లెక్క రూపాయలలోనూ రాతిపలకలలోనూ లేదు. త్రవ్వినా త్రవ్వకున్నా, చివరకు ఎవరు లోనికి దిగుతున్నారన్నదే లెక్క. పైన చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిపాటిగా ఉన్నప్పుడు క్రుళ్ళిన గ్రుడ్డు వాసన వేసి హెచ్చరిస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు శక్తినే చంపివేస్తుంది. వాసన పోయినదనుకొన్న మనిషి మరి రెండు మెట్లు దిగుతాడు. 2018 ఫిబ్రవరిలో ఇదే చిత్తూరు జిల్లాలో, పలమనేరు సమీపాన, ఒక కోళ్ళ పరిశ్రమలో మురుగుతొట్టి శుభ్రం చేయడానికి దిగినవారు పడిపోయినారు. వారిని పైకి తీయబోయినవారూ పడిపోయినారు. ఆనాడు ఏడుగురు చనిపోయినారు. కాణిపాకం బావిలోనికి దిగిన అన్నదమ్ములవలె వీరూ దిగినది కూటికోసమే.

చిత్తూరు సరిహద్దు దాటితే కోలారు బంగారుగనులు. ఆ గనుల కాలనీలలో పాయకానాలు ఎత్తిపోసే పనిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలలో ఒకదానిలో 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్. తనవారి చేతిలోని తట్టను చూచి ఏడ్చి ఊరుకోక, ఆ పనియే ఉండరాదని ఉద్యమం నడిపినారు. అందులో ఆయనకు అండగా నిలిచినవారిలో ఆంధ్రప్రదేశ్‌లో పేరెన్నికగన్న అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం వచ్చినది. మొదటి చట్టం 1993లో వచ్చినది. అది చాలక 2013లో రెండవ చట్టం వచ్చినది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, మురుగుకాలువలలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచినది.

ఈ దృష్టితో చూచినప్పుడు గడ్డపార పట్టని మరమ్మతుకు ఒక విలువ ఏర్పడుతుంది. కెమెరా చూస్తుంది, నీటిధార కడుగుతుంది, గాలి గుడ్డను నెట్టుతుంది, యంత్రం రంధ్రం కోస్తుంది; సక్రమంగా జరిగితే ఇంటి గొట్టం పనిలో మనిషి తల నేలమట్టానికి క్రిందికి పోనక్కరలేదు. లోతైన గోతి గట్లు విరిగి కూలీలు పూడుకుపోయే ప్రమాదమూ ఉండదు. ఐతే పెద్ద కాలువలో ఈ పనికి ముందు పూడిక తీయడానికి మనిషినే దింపి, తరువాత యంత్రం తెచ్చామని చెప్పుకొనే గుత్తేదారులు ఉండరని ఎవరు చెప్పగలరు? కేరళలో 2018 నుండి మ్యాన్‌హోలులోనికి మనిషికి బదులు దిగే బాండికూట్ అనే యంత్రాన్ని వాడుతున్నారు. పందికొక్కు అనే మన తెలుగుమాటే ఇంగ్లీషులోనికి పోయి బాండికూట్‌గా మారి, యంత్రానికి పేరై తిరిగివచ్చినది. భాషాభిమానులు దీనికి సంతోషించవచ్చును.

గ్రామాలలో, చిన్న పట్టణాలలో ఇంటి గొట్టం ఎక్కువగా పోయి చేరేది సెప్టిక్ ట్యాంకుకే. ఎపాక్సీ పూత ట్యాంకు గోడ దగ్గర ఆగిపోతుంది. ఆ ట్యాంకు నిండినప్పుడు ఇంటి యజమాని పిలిచేది ఎవరిని అన్నది ఏ రసాయనమూ నిర్ణయించదు. 2013 చట్టం ప్రకారం రక్షణసాధనాలు ఇవ్వకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోగాని మురుగుకాలువలోగాని దించినవారికి, వారు పురపాలక అధికారులైనా, ఇంటి యజమానులైనా, మొదటి తప్పుకే 2 సంవత్సరాల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ట్యాంకును పీల్చివేసే లారీలు నేడు చిత్తూరులోనూ తిరుపతిలోనూ అద్దెకు దొరుకుతున్నవి.